వాషింగ్ మెషిన్ దగ్గర డ్రైనేజీ వాసన: ఎప్పుడొస్తుందో చూడండి

ముందు డ్రమ్‌లో తలపెట్టి వాసన చూడండి. ముక్కిన బట్టల వాసనైతే మెషిన్ లోపలి మురికి. రబ్బరు అంచు మడతలు తుడిచి, వేడినీళ్ళతో ఖాళీగా ఒకసారి తిప్పండి. కుళ్ళిన కోడిగుడ్డు వాసనైతే ఎక్కువసార్లు అది డ్రైనేజీదే, అందులో ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్. అనుమానముంటే రాత్రి పడుకునేముందు డ్రెయిన్ మూతికి తడిగుడ్డ కప్పి, పైన పాలిథిన్ కవర్ వేయండి. పొద్దున వాసన లేకపోతే దారి అదే.

ఆ వాయువుని ఇంట్లోకి రాకుండా ఆపేది ట్రాప్‌లో, అంటే డ్రెయిన్ కింద నీళ్ళు నిలిచే వంపులో, ఉండే రెండంగుళాల నీళ్ళు. ఆ నీళ్ళు ఎలా పోతున్నాయో కనుక్కుంటే సగం పని అయినట్టే.

ఊరెళ్ళి వచ్చాక, ఎండాకాలంలో వాసన

నీళ్ళు ఆవిరైపోయాయి. జాలీ తీసి సెల్‌ఫోన్ టార్చ్ వేస్తే అడుగున తళుక్కుమనాలి. లేకపోతే రెండు చెంబుల నీళ్ళు పోయండి. ఊరెళ్ళేముందు పైన ఒక చెంచా వంటనూనె వేస్తే త్వరగా ఆరదు.

ఉతికిన ప్రతిసారీ వాసన

మా ఇంట్లో ఇదే. కొత్త మెషిన్ పెట్టినతను డ్రెయిన్ గొట్టాన్ని గోడ పైపులోకి రెండడుగులు తోసి, చుట్టూ సందు లేకుండా టేపు చుట్టి వెళ్ళాడు. మెషిన్ నీళ్ళు వదిలిన ఊపుకి, గాలి దూరే సందు లేక, ట్రాప్‌లో నీళ్ళు కూడా లాగేసుకుపోయేవి. చివర్లో గుర్రుమని ఒక చప్పుడు. వాసన పెరిగిందని నేను ఇంకో చుట్టు టేపు వేశాను, అది ఇంకా తప్పు. టేపు పీకేసి, గొట్టం ఆరంగుళాలే లోపలుంచి, జారకుండా పైపుకి క్లిప్పుతో కట్టాను. సందు తెరిచే ఉంది, వాసన లేదు. ట్రాప్‌లో నీళ్ళుంటే సందుతో భయం లేదు.

మెషిన్ నీళ్ళు వదిలితే బాత్రూమ్ జాలీలో బుడగలు

పైపు సగం పూడింది, లేదా డ్రైనేజీ పైపుకి గాలి ఆడేందుకు మేడమీదికి పెట్టే గాలి పైపు మూసుకుంది. ముందు ట్రాప్‌లోని పీచు, సబ్బు జిగురు చేత్తో తీయండి, గ్లౌజులు వేసుకుని. అయినా బుడగలొస్తే మేడమీద గాలి పైపు మూతి చూడండి. పిట్టగూడో, ఎవరో బిగించిన మూతో ఉండొచ్చు. అపార్ట్‌మెంట్‌లో ఇది అసోసియేషన్‌కి చెప్పి చేయించాల్సిన పని.

ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తేనే వాసన

తలుపులన్నీ మూసి ఉంటే ఫ్యాన్ డ్రెయిన్‌లోంచి గాలి లాగుతుంది. కిటికీ కొంచెం తెరవండి. అప్పటికీ వస్తే ట్రాప్‌లో నీళ్ళు చూడండి.

ఎన్ని నీళ్ళు పోసినా నిలవకపోతే

ట్రాప్ పగిలింది, లేదా అసలు పెట్టనేలేదు. బాల్కనీలో మెషిన్ పెట్టి వాన నీటి పైపులో కలిపేసినచోట ఇలా ఉంటుంది. ఇక్కడ ఫినాయిల్ మీద డబ్బు పోయకండి, ప్లంబర్‌ని పిలిచి ట్రాప్ వేయించండి.

యాసిడ్ పోసినచోట బ్లీచింగ్ పౌడర్ ఎట్టి పరిస్థితుల్లోనూ చల్లొద్దు, క్లోరిన్ వాయువు పుడుతుంది. మరో సంగతి, కాసేపటికి ముక్కు డ్రైనేజీ వాసనకి అలవాటుపడిపోతుంది. తల తిరుగుతున్నా, వికారంగా ఉన్నా, వాసన తెలియట్లేదని లోపలే ఉండిపోకండి. కిటికీలు తీసి, పిల్లల్ని తీసుకుని బయటికి వచ్చేయండి.