కుండీ మార్చే ముందు వేర్లను చూడండి

ఆకు పసుపెక్కగానే పెద్ద కుండీ తెచ్చే అలవాటు నాకు ఉండేది. అలాగే ఒక పీస్ లిల్లీని పోగొట్టుకున్నాను. వేర్లు కుళ్లడం మొదలైన మొక్కను రెండింతల కుండీలోకి మార్చాను. చుట్టూ పోసిన కొత్త మట్టి నీటిని పట్టి ఉంచింది, ఆ నీటిని పీల్చుకునే వేర్లు మొక్కకు లేవు. కొద్ది రోజుల్లోనే మొదలంతా మెత్తబడిపోయింది. అప్పటినుంచి ఏ లక్షణం కనిపించినా ముందు మొక్కను బయటికి తీసి చూస్తున్నాను.

ఇలా చూడటం కష్టమేమీ కాదు. మట్టి కాస్త తడిగా ఉన్నప్పుడు కాండాన్ని వేళ్ల సందున ఉంచి, అరచేతిని మట్టి మీద ఆనించి, కుండీని వంచి అంచును మెల్లగా తట్టండి. వేరుముద్ద మొత్తంగా జారి వస్తుంది. బరువైన మొక్కనైతే పక్కకు పడుకోబెట్టి కుండీని లాగాలి. చూశాక అవసరం లేదనిపిస్తే తిరిగి అలాగే కూర్చోబెట్టవచ్చు.

లక్షణం: పోసిన నీరు పోసినట్టే అడుగునుంచి కారిపోతోంది, ఒకటి రెండు రోజులకే మొక్క వాలిపోతోంది

దీనికి రెండు కారణాలు ఉండవచ్చు, రెండింటికీ చికిత్స వేర్వేరు. వేర్లు కుండీ గోడ వెంట చుట్టలు చుట్టుకుని, మట్టి కనిపించనంతగా అల్లుకుపోయి ఉంటే మొక్కకు చోటు చాలడం లేదు. నీటిని నిలిపే మట్టి దాదాపు మిగలలేదు కాబట్టి ఎంత పోసినా ఆగదు. ఈ మొక్కకు కుండీ మార్చాల్సిందే. అడుగు రంధ్రాల నుంచి వేర్లు బయటికి రావడం కూడా ఒక సూచనే, కానీ అదొక్కటే చాలదు. ఒక వేరు తడిని వెతుక్కుంటూ బయటికి వచ్చి, లోపల ఇంకా బోలెడు మట్టి ఉన్న కుండీలు చాలా చూశాను.

వేర్లు పలుచగానే ఉండి, మట్టి ముద్దగా కుంచించుకుపోయి కుండీ గోడకు, దానికి మధ్య సందు ఏర్పడితే కారణం ఇంకొకటి. కుండీ మట్టిలో కలిపే పీట్ (చివికిన నాచు) పూర్తిగా ఎండితే నీటిని తోసేస్తుంది, కోకోపీట్ (కొబ్బరిపీచు పొడి) కూడా బాగా ఎండితే తొందరగా తడవదు. నీరు ఆ సందులోంచి దిగిపోతుంది, ముద్ద లోపల పొడిగానే ఉంటుంది. కుండీని అరగంట నీళ్ల బకెట్‌లో ఉంచి, తీసి, నీరంతా ఓడనివ్వండి. కుండీ మార్చే పని లేదు.

లక్షణం: కింది ఆకులు పసుపెక్కుతున్నాయి, మట్టి మాత్రం రోజుల తరబడి తడిగానే ఉంది

ఎక్కువ మొక్కలు ప్రాణం పోగొట్టుకునేది ఇక్కడే. ఆకులు వాలడం చూసి దాహమనుకుని ఇంకా నీరు పోస్తాం. నిజానికి వేర్లకు ఊపిరి ఆడటం లేదు. మట్టిలోని సేంద్రియ పదార్థం ఏడాది రెండేళ్లలో చివికి మెత్తటి పొడిగా మారుతుంది, గాలి ఉండే ఖాళీలు మూసుకుపోతాయి. ఆ ఖాళీల్లో నీరు నిండితే ప్రాణవాయువు అందక వేర్లు చస్తాయి, కుళ్లు కలిగించే సూక్ష్మజీవులు వాటిమీద పడతాయి.

బయటికి తీసి వాసన చూడండి, తాకండి. మంచి వేరు తెల్లగానో లేతగోధుమ రంగులోనో ఉండి గట్టిగా తగులుతుంది. కుళ్లిన వేరు నల్లబడి మెత్తగా ఉంటుంది, లాగితే పైతొడుగు ఊడి వచ్చి లోపలి దారం మిగులుతుంది. కొన్ని మొక్కల వేర్లకు సహజంగానే నారింజ రంగో గోధుమ రంగో ఉంటుంది, కాబట్టి రంగు కన్నా గట్టితనాన్నే నమ్మండి.

కుళ్లు కనిపిస్తే కాలం కోసం ఎదురుచూడకుండా ఆ రోజే పని మొదలుపెట్టాలి. పాత మట్టిని దులిపి, స్పిరిట్‌తో తుడిచిన కత్తెరతో మెత్తబడిన వేర్లన్నీ గట్టి భాగం వచ్చేదాకా కత్తిరించండి. ఆ తర్వాతి అడుగు చాలామందికి నచ్చదు: మిగిలిన వేర్లకు సరిపోయేంత చిన్న కుండీనే ఎంచుకోండి. అది పాత కుండీ కన్నా చిన్నదైనా సరే. వేర్లు సగానికి పైగా పోయి ఉంటే కొన్ని ఆకులు కూడా తీసేయండి, అన్నింటికీ నీరందించే శక్తి మొక్కకు ఇక లేదు. మనీప్లాంట్, ఫిలోడెండ్రాన్ లాంటివైతే కణుపు ఉన్న ఒక తీగ ముక్కను నీళ్లలో పెట్టి ఉంచండి. తల్లి మొక్క దక్కకపోయినా ఆ ముక్క దక్కుతుంది.

లక్షణం: కొత్త ఆకులు పాతవాటికన్నా చిన్నగా వస్తున్నాయి

ముందు వెలుతురును అనుమానించండి. మొక్క కిటికీ వైపు సాగి, కణుపుల మధ్య దూరం పెరిగి ఉంటే కుండీ మార్చి ప్రయోజనం లేదు. వెలుతురు బాగుండి, ఎరువు అందుతూ, వేర్లు చుట్టలు చుట్టి ఉంటేనే మార్చండి.

లక్షణం: మట్టి పైన తెల్లటి పెళుసు పొర, ఆకుల కొనలు మాడటం

ఎరువులోని, కఠిన జలంలోని లవణాలు పేరుకున్నాయి. పై పొరను గీకేసి, కుండీ పరిమాణానికి రెండు మూడు రెట్ల నీటిని మెల్లగా పోసి కడిగేయండి. బూజు అయితే దూదిలా మెత్తగా ఉంటుంది, లవణం గరగరలాడుతుంది.

లక్షణం: ప్లాస్టిక్ కుండీ ఉబ్బింది, లేదా చీలింది

స్నేక్ ప్లాంట్‌లోనూ జీజీ (ZZ) మొక్కలోనూ ఇది మామూలే. మట్టి కింద పెరిగే లావుపాటి దుంపకాండాలు కుండీని నెడతాయి. ఇరుకును ఇవి బాగానే ఓర్చుకుంటాయి, కుండీ ఆకారం మారేదాకా తొందరపడనక్కర్లేదు. మార్చేటప్పుడు విడదీసి రెండు మొక్కలు చేసుకోవచ్చు.

మార్చాలని తేలాక

మొక్క చురుగ్గా చిగురించే కాలం మంచిది. నిద్రాణంగా ఉన్నప్పుడు, నిండుగా పూసినప్పుడు, కొని తెచ్చిన మొదటి వారంలో వదిలేయండి. ముందురోజు నీరు పోయండి. కొత్త కుండీ వ్యాసం పాతదానికన్నా 2 నుంచి 5 సెంటీమీటర్లు ఎక్కువ ఉంటే చాలు, అడుగున రంధ్రం ఉండి తీరాలి.

అడుగున గులకరాళ్లు పరిస్తే నీరు బాగా దిగుతుందన్న నమ్మకాన్ని వదులుకోండి. సన్నని మట్టి పూర్తిగా తడిసి నిండేదాకా నీరు రాళ్లలోకి దిగదు. తడి పొర పైకి జరిగి వేర్లకు ఇంకా దగ్గరవుతుంది. రంధ్రం మీద ఒక జాలీ ముక్క చాలు.

మాన్‌స్టెరా, ఫిలోడెండ్రాన్, ఆంథూరియం లాంటివాటికి నేను రెండు వంతుల కోకోపీట్, ఒక వంతు పెర్లైట్ (తేలికపాటి తెల్లటి రాతి గుళికలు), ఒక వంతు బెరడు ముక్కలు, కొద్దిగా వర్మీకంపోస్ట్ కలుపుతాను. స్నేక్ ప్లాంట్‌కు పెర్లైట్ పెంచి కోకోపీట్ తగ్గిస్తాను. చేతికి తొడుగులు వేసుకోండి. మాన్‌స్టెరా, ఫిలోడెండ్రాన్, ఆంథూరియం మూడూ చేమ కుటుంబానివే, ఆ కుటుంబపు దురద వీటి రసంలోనూ ఉంది.

చుట్టుకున్న వేర్లను చేతులతో వదులు చేయండి. చాపలా అల్లుకుపోతే వేరుముద్ద పక్కన మూడు నాలుగు చోట్ల నిలువుగా గాటు పెట్టండి. లేకపోతే కొత్త మట్టిలోనూ అవి పాత చుట్టలోనే తిరుగుతాయి. మొక్క ఇంతకుముందు ఎంత లోతులో ఉందో అంతే లోతులో ఉంచి, మట్టిని గట్టిగా అదమకుండా నింపి, పైన 2 సెంటీమీటర్లు ఖాళీ వదలండి. నిండా నీరు పోసి ఓడనివ్వండి. కుళ్లు కోసి నాటిన మొక్కకు మాత్రం మట్టి తడిసేంత నీరు చాలు.

మార్చాక ఆకులు వాలితే

సన్నని నూగువేర్లు తెగాయి కాబట్టి ఒకటి రెండు వారాలు ఇలా ఉంటుంది. మళ్లీ తీసి చూడకండి, నీరు ఎక్కువ చేయకండి. నేరుగా ఎండ తగలని వెలుతురులో ఉంచి, పై మట్టి ఆరాకే నీరు పోయండి. నాలుగు నుంచి ఆరు వారాలు ఎరువు వద్దు. కొత్త చిగురు కనిపిస్తే వేర్లు పట్టుకున్నట్టే.