విదేశంలో పెళ్ళి రిజిస్ట్రేషన్: వైజాగ్‌లో విమానం ఎక్కే ముందే చూసుకోవాల్సినవి

మర్రిపాలెం పాస్‌పోర్ట్ ఆఫీసు చుట్టుపక్కల అప్లికేషన్లు నింపే పనిలో ఏళ్ళ తరబడి ఉన్నాను. మా దగ్గరికి విదేశంలో పెళ్ళి చేసుకుని సర్టిఫికెట్ చేత్తో పట్టుకుని వచ్చేవాళ్ళు చాలామందే, ఎక్కువ మంది అడిగేది ఒకటే, "అంకుల్, ఇందులో పేరు తప్పు పడింది, ఇక్కడ ఏమైనా చెయ్యగలమా" అని. ఇక్కడ ఏమీ చెయ్యలేం. ఆ కాగితం ఏ ఆఫీసు ఇచ్చిందో ఆ ఆఫీసే దిద్దాలి. కానీ ఆ తప్పుకి మూలం మాత్రం దాదాపు ఎప్పుడూ ఇక్కడే ఉంటుంది, పిల్లలు ఫ్లైట్ ఎక్కకముందే. అందుకే మొత్తం పద్ధతి ఒకచోట రాస్తున్నాను.

1. మీది ఏ కేసో ముందు తేల్చుకోండి

సింహాచలం కొండ మీదో, ఏదో ఫంక్షన్ హాల్లోనో ఆల్రెడీ పెళ్ళి అయిపోయిందా? అయితే విదేశంలో రిజిస్ట్రేషన్ అనే మాటే వదిలెయ్యండి. అమెరికాలో కౌంటీ (మన జిల్లా లాంటిది) ఆఫీసు వాళ్ళు ఇండియాలో జరిగిన పెళ్ళిని రిజిస్టర్ చెయ్యరు, అది వాళ్ళ పని కాదు. హిందూ వివాహ చట్టం 1955 కింద సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేయించుకోండి. పెళ్ళి జరిగిన చోటు గానీ మీరు ఉండే చోటు గానీ ఏ ఆఫీసు కిందకి వస్తుందో అక్కడికే వెళ్ళాలి, వైజాగ్‌లో అయితే సూపర్ బజార్ ఆఫీసా, మధురవాడా, గాజువాకా అన్నది దాన్నిబట్టి ఉంటుంది. మన రాష్ట్రంలో 2002 చట్టం ప్రకారం పెళ్ళి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కూడా. అబ్బాయి సెలవు రెండు వారాలే అని పెళ్ళి, వ్రతం, విందులు అన్నీ కుదిరించి ఇది మాత్రం "తర్వాత చూద్దాం" అంటారు, ఆ తర్వాత హెచ్-4 వీసా (అమెరికాలో ఉద్యోగం చేసేవాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చేది) అపాయింట్‌మెంట్ వచ్చాక ఏడుపు మొదలు. పెళ్ళైన వారంలోనే ఇద్దరూ వెళ్ళి చేయించుకోండి, అంతే.

పెళ్ళే అక్కడ చేసుకుంటారా, అప్పుడు రెండు దారులు. ఒకటి ఆ దేశపు చట్టం ప్రకారం. రెండోది మన ఎంబసీలో గానీ కాన్సులేట్‌లో గానీ విదేశీ వివాహ చట్టం 1969 కింద. రెండోదానికి ఇద్దరిలో ఒక్కరైనా భారతీయ పౌరులై ఉండాలి, ఒకరు ఆ కాన్సులేట్ పరిధిలో కనీసం 30 రోజులు ఉండాలి, పెళ్ళి చేసుకుంటున్నామని నోటీసు పెట్టాక అభ్యంతరాల కోసం ఇంకో 30 రోజులు ఆగాలి. పైగా ఆ దేశం అలాంటి పెళ్ళిని ఒప్పుకోవాలి కూడా. నా మాట వినేవాళ్ళయితే స్థానిక చట్టం దారే పట్టండి. అక్కడి ఇమ్మిగ్రేషన్‌కి, బ్యాంకుకి, ఇన్సూరెన్సుకి అక్కడి కాగితమే సులువుగా నడుస్తుంది. మన వైపు రికార్డు కూడా కావాలనుకుంటే అదే 1969 చట్టం 17వ సెక్షన్ కింద, అక్కడ జరిగిన పెళ్ళిని తర్వాత కాన్సులేట్‌లో రిజిస్టర్ చేయించుకునే వీలుంది.

2. కాగితాలు

పాస్‌పోర్ట్, బర్త్ సర్టిఫికెట్, పెళ్ళి కాలేదని అఫిడవిట్. విడాకులైతే కోర్టు డిక్రీ సర్టిఫైడ్ కాపీ, భర్తో భార్యో పోయి ఉంటే డెత్ సర్టిఫికెట్. అంతకు మించి అక్కడి వెబ్‌సైట్‌లో ఏం అడిగితే అది.

బర్త్ సర్టిఫికెట్ దగ్గర ఒక్క మాట. పాతవాటిలో బిడ్డ పేరు ఉండదు, తండ్రి పేరు, తల్లి పేరు, ఆడా మగా అంతే. అలాంటిది పనికిరాదు, పేరు ఎక్కించి జీవీఎంసీ (విశాఖ కార్పొరేషన్) నుంచి కంప్యూటర్ కాపీ కొత్తగా తీసుకోండి. అనకాపల్లిలోనో పాడేరులోనో పుట్టినవాళ్ళ పాత కాగితాల్లో విశాఖపట్నం జిల్లా అనే ఉంటుంది, 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి కదా, అప్లికేషన్‌లో పుట్టిన ఊరు, జిల్లా రాసేటప్పుడు పాస్‌పోర్ట్‌లో ఏముందో అదే రాయండి, కొత్త జిల్లా పేరు మీ అంతట మీరు పెట్టకండి.

3. అపోస్టిల్, అవసరమైతేనే

అపోస్టిల్ అంటే ఈ కాగితం అసలైనదేనని వేరే దేశం నమ్మడానికి ప్రభుత్వం వేసే ముద్ర. ఏజెంట్లు ఇంట్లో ఉన్న ప్రతి కాగితానికీ అది కొట్టిస్తామంటారు. అక్కర్లేదు. అమెరికాలో చాలా కౌంటీల్లో పాస్‌పోర్ట్ చూపిస్తే చాలు. ఆస్ట్రేలియాలో పెళ్ళి కాలేదన్న సర్టిఫికెట్ కూడా అడగరు, పెళ్ళికి కనీసం నెల ముందు నోటీసు ఇవ్వాలి, అది ముఖ్యం. ఇంగ్లండ్‌లో నోటీసు ఇచ్చాక 28 రోజులు ఆగాలి, దానికి పెళ్ళి కోసం వేరే విజిటర్ వీసా ఉంది, మామూలు టూరిస్ట్ వీసా మీద వెళ్ళి పెళ్ళి చేసుకుందామనుకోకండి.

కావాల్సిన దేశమైతే పద్ధతి ఇది: అఫిడవిట్ లాంటివైతే ముందు నోటరీ, తర్వాత రాష్ట్రం స్థాయిలో అటెస్టేషన్, ఆ తర్వాత విదేశాంగ శాఖ అపోస్టిల్. హైదరాబాద్‌లో ఆ శాఖ ఆఫీసు ఉంది, బ్రాంచ్ సెక్రటేరియట్ అంటారు. కాగితాలు నేరుగా తీసుకోరు, వాళ్ళు పెట్టిన ఏజెన్సీల ద్వారానే వెళ్ళాలి. ప్రభుత్వం ఫీజు కాగితానికి 50 రూపాయలు, మిగతాదంతా సర్వీస్ చార్జీ, కాబట్టి వేలల్లో చెప్పినప్పుడు దేనికెంతో విడివిడిగా రాయించుకోండి. దుబాయ్, అబుదాబీ వాళ్ళకి అపోస్టిల్ చెల్లదు, అపోస్టిల్‌ని ఒప్పుకునే దేశాల ఒప్పందంలో యూఏఈ లేదు, వాళ్ళ ఎంబసీ అటెస్టేషన్ కావాలి. జర్మనీ కథ వేరు, మన అపోస్టిల్‌ని వాళ్ళు ఒప్పుకోరు, కాగితాలు వాళ్ళే మన ఊళ్ళో విచారణ చేయించి తేల్చుకుంటారు, దానికి నెలలు పడుతుంది. అందుకే చాలా జంటలు డెన్మార్క్ వెళ్ళి పెళ్ళి చేసుకుంటున్నాయి, అది చట్టబద్ధమైన దారే.

4. పేరు. ఇక్కడ ఆగండి, నిదానంగా చదవండి

మిగతా తప్పులన్నీ డబ్బుతోనో టైంతోనో సర్దుకుంటాయి, పేరు తప్పు మాత్రం పిల్లలు పుట్టాక వాళ్ళ కాగితాల దాకా వెంటొస్తుంది.

మన పేర్ల సంగతి తెలిసిందే. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు ఉంటుంది. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరమై కూర్చుంటుంది. బర్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరే ఉండదు. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి వేరు, పేరు గడి వేరు. ఇక స్పెల్లింగ్ చూస్తే, లక్ష్మిలో ఒకచోట కె ఎస్ హెచ్ ఉంటుంది, ఇంకోచోట ఎక్స్ ఉంటుంది, జ్యోతిలో టి పక్కన ఒకదాంట్లో హెచ్ ఉంటుంది ఇంకోదాంట్లో ఉండదు. మనకి ఇవన్నీ ఒకే మనిషి. అక్కడ కౌంటర్‌లో కూర్చున్నావిడకి కాదు, ఆవిడకి ఇవి ఇద్దరు ముగ్గురు వేరువేరు మనుషులు.

కాబట్టి రూల్ ఒకటే, పాస్‌పోర్టే పెద్ద. మిగతావన్నీ దాని దారికి రావాలి. టెన్త్ మెమోకి సరిపెట్టాలని పాస్‌పోర్ట్ మార్చడం, ఆధార్‌కి సరిపెట్టాలని మెమో మార్చడం, ఇలా గుండ్రంగా తిరగకండి.

దీనికి ఒక్క మినహాయింపు. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి మొత్తం పేరు గివెన్ నేమ్ గడిలోనే ఉంటే, ముందు పాస్‌పోర్ట్ రీఇష్యూకి పెట్టి ఇంటిపేరు వేరు చేయించండి, అదీ వీసాకి అప్లై చెయ్యక ముందే. ఎందుకంటే అలాంటి పాస్‌పోర్ట్ మీద అమెరికా వీసా వస్తే పేరంతా ఇంటిపేరు గడిలోకి పోతుంది, పేరు ఉండాల్సిన చోట ఎఫ్ఎన్‌యూ అని పడుతుంది. అంటే పేరు తెలియదు అని. తర్వాత డ్రైవింగ్ లైసెన్సులో, బ్యాంకులో, పెళ్ళి సర్టిఫికెట్‌లో అమ్మాయి పేరు ఎఫ్ఎన్‌యూ అయి కూర్చుంటుంది. బంగారం లాంటి పేరు పెట్టుకుని ఆ మూడక్షరాలతో పెళ్ళి సర్టిఫికెట్ తెచ్చుకున్న పిల్లని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఇప్పుడు అక్కడి ఫారం. వెంకట సాయి లక్ష్మి అనే పేరు ఉందనుకోండి, అక్కడ ఫస్ట్ నేమ్, మిడిల్ నేమ్, లాస్ట్ నేమ్ అని మూడు గడులు కనిపిస్తాయి. మూడు గడులు చూడగానే మూడు ముక్కలు చేసి పంచేస్తారు. చెయ్యకండి. మన పాస్‌పోర్ట్‌లో మిడిల్ నేమ్ అనేదే లేదు. గివెన్ నేమ్‌లో ఉన్నదంతా ఫస్ట్ నేమ్‌లో, ఇంటిపేరు లాస్ట్ నేమ్‌లో, మిడిల్ గడి ఖాళీ. గడి ఖాళీగా ఉంటే ఏమీ కాదు.

తల్లి పేరు దగ్గర ఆవిడ పుట్టింటి ఇంటిపేరు అడుగుతారు. ఫోన్ చేసి అడిగి మరీ రాయండి, అలవాటుగా నాన్న ఇంటిపేరు పెట్టేస్తారు.

ఇంకోటి, కొన్ని చోట్ల మ్యారేజ్ లైసెన్స్ (పెళ్ళికి ముందు తీసుకునే అనుమతి కాగితం) ఫారంలోనే పెళ్ళి తర్వాత ఏ పేరు వాడతారు అని ఒక గడి ఉంటుంది. ఇక్కడ నా మాట గట్టిగా వినండి అమ్మాయిలూ, పేరు మార్చుకోకండి. అత్తగారింటి మీద ప్రేమ వేరు, కాగితం వేరు. ఆ గడిలో కొత్త ఇంటిపేరు రాసిన క్షణం నుంచి పాస్‌పోర్ట్, వీసా, డిగ్రీ, జీతం, పాన్ అన్నీ మార్చుకుంటూ రావాలి, ఒక్కటి మర్చిపోయినా ఎయిర్‌పోర్ట్‌లో నిలబెడతారు. పుట్టినప్పటి పేరే ఉంచుకోండి, పెళ్ళికి దానివల్ల ఏ లోటూ రాదు.

"రెండు పేర్లూ ఒకరివే" అని ఇక్కడ వంద రూపాయల స్టాంప్ పేపర్ మీద అఫిడవిట్ రాయించుకుని ధైర్యంగా వెళ్ళేవాళ్ళున్నారు. అది మన ఆఫీసుల్లో పనికొస్తుంది, అక్కడ ఒప్పుకుంటారని నమ్మకం పెట్టుకోవద్దు. ముందే కాగితాలు దిద్దించుకోవడం నెల రెండు నెలల పని, ఆ ఓపిక పట్టండి.

చివరిగా, క్లర్క్ టైప్ చేశాక సంతకం పెట్టమని స్క్రీన్ గానీ ప్రింట్ గానీ చూపిస్తారు. అక్కడ సిగ్గుపడకండి, వెనక క్యూ ఉందని కంగారు పడకండి. పాస్‌పోర్ట్ తెరిచి పక్కన పెట్టుకుని ఒక్కో అక్షరం వేలు పెట్టి చూడండి, అబ్బాయిది అమ్మాయి చూడాలి, అమ్మాయిది అబ్బాయి చూడాలి, సొంత పేరులో తప్పు మన కంటికి ఆనదు. పుట్టిన తేదీ కూడా, అమెరికాలో నెల ముందు రాస్తారు, మనం రోజు ముందు రాస్తాం. సంతకం పెట్టాక దొరికిన తప్పుకి మళ్ళీ అప్లికేషన్, ఆధారాలు, ఫీజు, కొన్నిసార్లు కోర్టు.

5. అక్కడ పెళ్ళి

ఇది తేలిక. అమెరికాలో ముందు కౌంటీ నుంచి మ్యారేజ్ లైసెన్స్ తీసుకోవాలి. లైసెన్స్ వచ్చాక ఎంత ఆగాలన్నది రాష్ట్రాన్నిబట్టి ఉంటుంది, న్యూయార్క్‌లో 24 గంటలు, టెక్సాస్‌లో 72 గంటలు, కాలిఫోర్నియాలో ఆగక్కర్లేదు, పెన్సిల్వేనియాలో అయితే అప్లై చేశాక మూడు రోజులకి గానీ లైసెన్సే చేతికివ్వరు. లైసెన్స్ ఎన్నాళ్ళు చెల్లుతుందో ఆ గడువు కూడా చూసుకోండి, న్యూయార్క్‌లో 60 రోజులైతే కాలిఫోర్నియాలో 90. ముహూర్తం పెట్టించుకునేటప్పుడు ఈ లెక్క పంతులుగారికి ముందే చెప్పండి.

గుడిలో పెళ్ళి అయితే, పంతులుగారికి ఆ రాష్ట్రంలో పెళ్ళి జరిపే అధికారం ఉందో లేదో అడగాలి, న్యూయార్క్ సిటీలో అయితే వాళ్ళు ముందే సిటీ క్లర్క్ దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి. లైసెన్స్ లేకుండా ఒక్క తాళి కట్టి వచ్చేస్తే ఆఫీసుల్లో చూపించడానికి మీ చేతిలో ఏ కాగితమూ ఉండదు. తంతు అయ్యాక సంతకాలు పెట్టిన లైసెన్స్‌ని కౌంటీకి తిరిగి పంపాలి, ఆ బాధ్యత జరిపించినవారిదే అయినా పంపారో లేదో మీరే ఫోన్ చేసి కనుక్కోండి.

6. రెండు తేదీలు పెట్టుకోకండి

మార్చిలో అక్కడ కోర్టులో సంతకాలు పెడతారు, డిసెంబర్‌లో వైజాగ్ వచ్చి బంధువులందరి మధ్య ఘనంగా పెళ్ళి చేసుకుంటారు. చాలా సంతోషం. కానీ ఆ డిసెంబర్ పెళ్ళి ఫోటోలు పట్టుకుని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఇంకో సర్టిఫికెట్ తీసుకోకండి. చట్టం దృష్టిలో మీకు మార్చిలోనే పెళ్ళయింది. రెండు సర్టిఫికెట్లు, రెండు తేదీలు ఉంటే వీసా ఆఫీసర్ అడిగే మొదటి ప్రశ్న, ఏది నిజం అని. శుభలేఖ మీద ఏ తేదీ ఉన్నా ఫారాల్లో ఎప్పుడూ మార్చి తేదీయే రాయండి, పెద్దవాళ్ళకి కూడా ఈ సంగతి ముందే చెప్పి ఒప్పించండి.

7. తిరిగి వచ్చే ముందు

పెళ్ళి రోజు చేతికిచ్చే అందమైన రంగుల సర్టిఫికెట్‌తో మోసపోకండి. ఆస్ట్రేలియాలో పెళ్ళి జరిపించినవాళ్ళు ఇచ్చేది ఒకటి, ఆ రాష్ట్రం జనన మరణ వివాహాల రిజిస్ట్రీ ఇచ్చేది ఇంకొకటి. పాస్‌పోర్ట్‌కి పనికొచ్చేది రెండోదే. అమెరికాలో కూడా కౌంటీ సీలు ఉన్న సర్టిఫైడ్ కాపీయే అడగాలి. కనీసం మూడు తీసుకోండి, తర్వాత ఇక్కణ్ణుంచి తెప్పించుకోవడం నరకం.

అందులో ఒకదానికి అక్కడే అపోస్టిల్ వేయించేయండి. అమెరికాలో అయితే ఏ రాష్ట్రంలో పెళ్ళైందో ఆ రాష్ట్రపు సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసులో. విదేశీ సర్టిఫికెట్ మీద మన విదేశాంగ శాఖ అపోస్టిల్ వెయ్యదు, అది ఇచ్చిన దేశమే వెయ్యాలి, ఈ ఒక్క సంగతి తెలియక హైదరాబాద్ దాకా వెళ్ళి ఉత్త చేతులతో వచ్చినవాళ్ళని చాలామందిని చూశాను.

అపోస్టిల్ వేసిన కాపీని లామినేషన్ చేయించకండి, వెనక వైపు ముద్రలు చూడాలి కాబట్టి చాలాచోట్ల తీసుకోరు. ప్లాస్టిక్ ఫోల్డర్‌లో పెట్టి పాస్‌పోర్ట్‌తో పాటు హ్యాండ్ బ్యాగ్‌లో తెచ్చుకోండి, చెక్-ఇన్ సూట్‌కేసులో కాదు.