దేశం చుట్టి రావడానికి బయల్దేరే ముందు జాగ్రత్తలు

దేశం ఒకటే అయినా వాతావరణం ఒకటి కాదు. టికెట్లు బుక్ చేసుకునే ముందే ఇవి చూసుకోండి.

• లేహ్: అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్త ఇక్కడే కావాలి. ఊరు దాదాపు 3,500 మీటర్ల ఎత్తులో ఉంది, పీల్చే గాలిలో ఆక్సిజన్ తక్కువ. విమానం దిగాక రెండు రోజులు పూర్తి విశ్రాంతి తీసుకోండి. ఇంకా ఎత్తున ఉన్న ఖర్దుంగ్ లా కనుమకు వెళ్లడం ఆ తర్వాతే. తలనొప్పి, వాంతులు మొదలైతే ఇంకా పైకి వెళ్లొద్దు. నడక తూలినా, ఊరికే కూర్చున్నా ఆయాసం వస్తున్నా క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్న పెద్దవాళ్లను డాక్టరుకు చూపించకుండా దయచేసి తీసుకెళ్లకండి. చలిలోనూ ఎండ చర్మాన్ని మాడ్చేస్తుంది, సన్‌స్క్రీన్ ఉండాల్సిందే. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు, వెళ్లేవాళ్లలో ఒకరికైనా పోస్ట్‌పెయిడ్ ఉండాలి.

• జైసల్మేర్: డిసెంబరులో పగలు కాటన్ చొక్కా చాలు, రాత్రికి స్వెటర్ తప్పదు. పొడి గాలి, పొడి ఇసుక వేడిని నిలుపుకోలేవు.

• చిరపుంజి: జూన్ నుంచి సెప్టెంబరు దాకా గొడుగు ఆగదు, రెయిన్‌కోటే దిక్కు. కొండచరియలు విరిగి దారులు మూసుకుపోవచ్చు, ఒక రోజు అదనంగా పెట్టుకోండి.

• చెన్నై: నైరుతి రుతుపవనాలు వెళ్లిపోయాయి కదా అని అక్టోబరు, నవంబరుల్లో ధీమాగా ఉండకండి. అక్కడ అసలు వానలు ఈశాన్య రుతుపవనాలవే. నెల్లూరు వాళ్లకు ఇది చెప్పక్కర్లేదు! బయల్దేరే రోజు ఉదయం తుపాను హెచ్చరికలు చూసుకోండి.