పాత పెంకుటిల్లు బాగుచేయిస్తున్నారా? వానలు దిగేలోపు ఇది చదవండి

పోయిన వారం మా పక్క ఊరిలో, పని జరుగుతున్న ఒక మండువా ఇంటి గోడ కూలి తాపీ మేస్త్రి కాలు విరిగింది. పెద్ద వానేం కాదు, రెండు రోజుల ముసురు. ఇల్లు పాతది కాబట్టి కూలిందని ఊరంతా తేల్చేసింది. నిజానికి ఆ గోడ ఇన్నేళ్లూ వానలకి తడిసి ఆరుతూ నిలబడే ఉంది. కిందటేడు దానికి సిమెంటు పూత పూయించారు. లోపల మట్టి నానిపోతుంటే బయటికి మాత్రం కొత్త పెళ్లికొడుకులా కనిపించింది.

హెల్మెట్ పెట్టుకోండి, కరెంటు మెయిన్ ఆపండి లాంటివి మీకు తెలిసినవే. వాటి జోలికి పోను.

సిమెంటు

మట్టితోనో డంగు సున్నంతోనో (గానుగలో ఇసుకతో కలిపి నూరిన సున్నం) కట్టిన గోడకి సిమెంటు పూయకండి. మిగతాదంతా మర్చిపోయినా ఫర్వాలేదు, ఇదొక్కటి గుర్తుంటే చాలు.

పాత ఇళ్ల పునాదుల్లో నేల చెమ్మని ఆపే పొర ఉండదు. చెమ్మ గోడలోకి ఎక్కుతూనే ఉంటుంది. పైన సున్నపు పూత ఉంటే ఎక్కినంతా ఆవిరై బయటికి పోతుంది. సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోయి చెమ్మ ఇంకా పైకి పాకుతుంది. అడుగు ఎత్తున ఉన్న మరక నడుము దాకా వస్తుంది, ఉప్పు పొంగుతుంది. అది చూసి కంగారుపడి ఇంటాయన పుట్టీ పెట్టిస్తాడు, దాని మీద వాటర్‌ప్రూఫ్ పెయింట్ వేయిస్తాడు. అంటే మిగిలిన కాస్త దారీ మూసేస్తాడు. మట్టిగోడ ఎండకీ వానకీ కొద్దిగా కదులుతుంది. గట్టిగా బిగుసుకున్న సిమెంటు దానితోపాటు కదల్లేక సన్నగా పగులుతుంది. ఆ పగుళ్లలోంచి వాన నీళ్లు లోపలికి దిగుతాయి, తిరిగి బయటికి రాలేవు.

"సిమెంటు లేకపోతే బలం ఎక్కడిదండీ?" అంటాడు మేస్త్రి. పోర్ట్‌లాండ్ సిమెంటుకి పేటెంటు తీసుకున్నదే 1824లో. చార్మినార్ కట్టింది 1591లో, రాయీ సున్నంతో. ఆ మాట చెప్పండి. ఒప్పుకోకపోతే మేస్త్రిని మార్చండి.

ఇదే తప్పు వేరే వేషాల్లో కూడా వస్తుంది. గోడకి నాలుగడుగుల ఎత్తున టైల్స్ అంటించడం ఒకటి. రెండోది నేల. ఇసుక మీద పరిచిన పాత బండలు తీసేసి కాంక్రీటు పోసి విట్రిఫైడ్ టైల్స్ వేస్తే, ఇంతకాలం బండల సందుల్లోంచి పోయిన చెమ్మంతా గోడల వైపు తిరుగుతుంది. తాండూరు బండలో బేతంచెర్ల బండలో వేసుకుని సందులు సున్నంతో నింపించండి. మూడోది అన్నిటికంటే ప్రమాదం. దూలం చివర గోడలో కూర్చునే చోటుని సిమెంటుతో కప్పేయడం. కర్రకి గాలి తగలక చివర కుళ్లిపోతుంది. మధ్యలో తట్టి చూస్తే ఖంగుమంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. పైకప్పు బరువు మోసేది మాత్రం ఆ చివరే. దూలం చివర చుట్టూ గాలి ఆడేలా వేలు దూరేంత సందు వదలాలి.

ఇప్పటికే సిమెంటు పూయించేశారా? తట్టి చూడండి. డొల్లగా మోగిన చోట పూత గోడని వదిలేసినట్టే. అలాగని వానలకి ముందు మొత్తం ఊడగొట్టించకండి, సిమెంటు మట్టిని కూడా పట్టుకుని ఊడి వస్తుంది. ఇప్పటికి కింద రెండడుగులు, అదీ ముక్కలుముక్కలుగా, సుత్తితో బాదకుండా తీయించి గోడని ఆరనివ్వండి. మిగతాది వానలు పోయాక. గోడ పొట్ట ఉబ్బి ఉంటే దాన్ని ముట్టుకోవద్దు, ఇంజనీరుని పిలవండి, ఆ గదిలో ఎవరినీ పడుకోనివ్వకండి.

సున్నం

సున్నపు పూత గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని నెమ్మదిగా గట్టిపడుతుంది. జూన్‌లో మొదలుపెడితే అది గట్టిపడేలోపు వాన కడిగేస్తుంది. కోస్తాలో అయితే తుఫాన్లు కూడా దాటనిచ్చి సంక్రాంతి తర్వాత మొదలుపెట్టండి. ఎండలు ముదిరితే తడి గోనెలు కప్పాలి, లేకపోతే పూత నెర్రెలిస్తుంది. కరక్కాయ నీళ్లు, బెల్లం కలపడం తెలిసిన ముసలి మేస్త్రులు ఇంకా ఉన్నారు. కూలి ఎక్కువ అడుగుతారు, బేరం ఆడకండి.

కాల్చిన సున్నపురాయి మీద నీళ్లు పోస్తే సలసల కాగుతుంది. చిట్లి కంట్లో పడితే చూపు పోవచ్చు. నీళ్లలోకి రాయి కొంచెం కొంచెంగా వేయాలి, కుప్ప మీద నీళ్లు గుమ్మరించకూడదు. కళ్లద్దాలు తప్పనిసరి. కంట్లో పడితే నలపకుండా ధారగా నీళ్లు పోస్తూనే ఉండాలి, వెంటనే కళ్ల ఆస్పత్రికి తీసుకెళ్లాలి. సున్నం గుంట చుట్టూ కంచె కట్టించండి.

పాత సామాను

పాత ద్వారబంధాలు, స్తంభాలు కొనే మోజు ఈమధ్య బాగా పెరిగింది. మంచిదే, అలాంటి టేకు ఇప్పుడు దొరకదు. కానీ పాత రంగుల్లో సీసం ఉంటుంది. ఇళ్ల రంగుల్లో సీసానికి 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) పరిమితి మన దగ్గర అమల్లోకి వచ్చిందే 2017 నవంబరులో. కాబట్టి పాత తలుపుని పొడిగా సాండింగ్ చేయించకండి, మంటతో కాల్చి గీకించకండి. తడిపి గీకించండి. చంటిపిల్లలూ గర్భిణులూ ఆ చుట్టుపక్కల ఉండకూడదు.

కర్ర కింద పిండిలా పొడి రాలుతుంటే పురుగు ఇంకా బతికే ఉందని అర్థం. అది ఇంటికి తేవద్దు.

చెక్కిన స్తంభం అమెరికా ఇంటికి పంపుదామనుకునే వాళ్లు ఆగండి. వందేళ్లు దాటిన కళాఖండాల్ని దేశం దాటించడం 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నేరం. గుడి నుంచి వచ్చినట్టు కనిపించేదేదీ ఎంత చవకైనా కొనకండి.

ఇక వరసగా:

వాస్తు పేరు చెప్పి ఎవరేమన్నా పాత గోడలో కొత్త గుమ్మం పెట్టించకండి. పెట్టక తప్పదంటే ముందు పైన దూలాలకి జాకీలు.

పెంకులు ఒకేసారి దించొద్దు. వాన మొదలయ్యేలోపు మళ్లీ కప్పగలిగినంతే దించండి.

మండువా తూము ఇప్పుడే శుభ్రం చేయించి, రెండు బిందెలు పోసి చూడండి. తూము పూడితే నీళ్లు పోయేది గోడలోకే.

చూరు కత్తిరించొద్దు. కారు పట్టడం లేదని కత్తిరిస్తారు! గోడని వాన నుంచి కాపాడేదే ఆ చూరు.

గోడ పక్కన మట్టి ఎత్తు చేయొద్దు, పూలమొక్కలు పెట్టొద్దు.

పాత సిమెంటు రేకులు కోయించొద్దు, పగలగొట్టించొద్దు. అందులో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, దాని ధూళి పీలిస్తే ఊపిరితిత్తులకి ప్రమాదం. తడిపి, రేకు రేకుగా దించాలి.

పాత ఇత్తడి దీపాలకి కొత్త వైరు, ఎర్తింగ్. తడి గోడలో కరెంటు పైపులు వద్దు.

ముసురు పట్టిన రోజు పని ఆపేయండి. కూలి మాత్రం ఇచ్చేయండి, లేకపోతే మీరు చూడనప్పుడు చేస్తారు.

బాత్రూమ్ పనికి తెచ్చిన సిమెంటు మిగిలితే ఆ సాయంత్రమే బయటికి పంపేయండి. బస్తా ఇంట్లో ఉంటే మేస్త్రి తెల్లారేసరికి ఏదో ఒక గోడకి పూసేస్తాడు.