మల్లి వీపుకు సరిపడే జీను చట్రం ఎలా చేయించానంటే

మల్లి నా ఆడగుర్రం. క్వార్టర్ హార్స్ జాతి, తొమ్మిదేళ్లది, నుదుట మల్లెమొగ్గంత తెల్లచుక్క. మేముండేది డాలస్‌కి ఉత్తరాన, డెంటన్ కౌంటీలో. దాని మొదటి జీను దుకాణంలో కొన్నాను. "క్వార్టర్ హార్సే కదా, ఫుల్ క్వార్టర్ హార్స్ బార్లు, ఏడంగుళాల గలెట్, కళ్లు మూసుకుని వేసేయండి" అన్నాడు అమ్మినతను. నిజంగానే కళ్లు మూసుకున్నాను. ఎనిమిది నెలలకు మూపు వెనక రెండు పక్కలా, జీను నొక్కిన చోట, తెల్ల వెంట్రుకలు మొలిచాయి. పొట్ట పట్టీ బిగిస్తుంటే చెవులు వెనక్కి వాల్చి కరవబోయేది. పొగరనుకున్నాను. ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారే, ఆ కాకిని నేనే.

జీను మీది తోలంతా తీసేస్తే లోపల మిగిలే చట్రాన్ని ఇక్కడ ట్రీ అంటారు. వెన్నుకు అటూ ఇటూ ఆనే రెండు పొడవాటి బార్లు, వాటిని ముందు కలిపే ఫోర్క్, వెనక కలిపే క్యాంటిల్, ఫోర్క్ నెత్తిన కొమ్ము. ఫోర్క్ కింద మూపు కోసం వదిలిన ఖాళీ గలెట్. మన బరువంతా గుర్రానికి చేరేది బార్ల ద్వారానే, అయినా బజార్లో అందరూ చెప్పేది గలెట్ వెడల్పే. ఆ ఏడంగుళాలు ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచారన్నది ఒక్కో తయారీదారుది ఒక్కో లెక్క. బార్ల సైజుకు వాడే సెమీ, ఫుల్ అనే మాటలకూ అందరూ ఒప్పుకున్న కొలత లేదు. మల్లికి గలెట్ బాగానే సరిపోయింది. తేడా వచ్చింది బార్ల వంపులో. దాని వీపు మధ్యలో కాస్త దిగి ఉంటుంది, ఆ బార్లేమో దాదాపు తిన్నగా ఉన్నాయి. ముందూ వెనకా ఆని మధ్యలో వంతెనలా తేలేవి. అది తెలియక జీను కింద మందం ప్యాడ్ వేశాను. ఇరుకు బూట్లలో రెండు జతల సాక్సులు తొడిగినట్టయింది.

ఒంగోలు దగ్గర మా ఊళ్లో వడ్రంగి కాడి చెక్కే ముందు ఎద్దు మెడ తడిమి చూసేవాడు, సైజు ఎంతని అడిగేవాడు కాదు. ట్రీ చేయించేటప్పుడూ చెక్క పనివాడికి మీరు పంపాల్సింది అంకె కాదు, వీపు ఆకారం.

అయితే ముందు వెతకాల్సింది జీను కుట్టేవాళ్లను. ట్రీలు చేసేవాళ్లలో చాలామంది వాళ్లకే ఇస్తారు, మనలాంటి వాళ్ల దగ్గర నేరుగా ఆర్డర్ తీసుకోరు. "నా గుర్రం కొలతలు మీరు ఎలా తీసుకుంటారు?" అని అడగండి. గలెట్ అంకె, జాతి పేరు చాలన్నారంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. ఆస్ట్రేలియాకు చెందిన డెన్నిస్ లేన్ రూపొందించిన కార్డులతో వీపు కొలిచేవాళ్లు కొందరున్నారు. నాకు దొరికినాయన మాత్రం వంచితే అలాగే నిలిచే రబ్బరు స్కేలుతో గీతలు గీసి పంపమన్నారు.

ఎప్పుడు కొలవాలన్నది కూడా ముఖ్యమే. వసంతంలో పచ్చిగడ్డి తిని మల్లి గుమ్మడికాయలా ఉంటుంది, అప్పుడు కొలిస్తే వేసవికి జీను వదులవుతుంది. రెండు నెలలు క్రమంగా స్వారీ చేసి ఒళ్లు గట్టిపడ్డాకే కొలిచాను. గుర్రం వయసు ఐదారేళ్లలోపైతే ఆగడమే మంచిది, వెన్ను ఇంకా ఎదుగుతూ ఉంటుంది.

చదునైన కాంక్రీటు మీద నాలుగు కాళ్లూ సమంగా పెట్టించి నిలబెట్టండి. తల మామూలు ఎత్తులో ఉండాలి. కింద గడ్డి వేస్తే తల వంచుతుంది, వీపు ఆకారం మారిపోతుంది. భుజపు ఎముక వెనక అంచును వేళ్లతో వెతికి సుద్దతో గీత పెట్టండి. ఇప్పుడు ఎవరినైనా ముందుకాలు ఎత్తి ముందుకు చాపమనండి. ఆ ఎముక మీ గీత దాటి వెనక్కి జరగడం కనిపిస్తుంది. ప్రతి అడుగుకూ బారు కొసను గుద్దేది అదే. తర్వాత చివరి పక్కటెముకను కింది నుంచి తడుముకుంటూ పైకి వెళ్లి, వెన్ను దగ్గర ఇంకో గుర్తు. బరువు ఆ రెండు గుర్తుల మధ్యే పడాలి. మల్లికి అది 18 అంగుళాలు.

రబ్బరు స్కేలును వెన్నుకు అడ్డంగా నాలుగు చోట్ల వేశాను: భుజం గీత వెనక, అక్కడికి నాలుగంగుళాల వెనక, వీపు బాగా దిగిన చోట, చివరి పక్కటెముక దగ్గర. ఐదోది అందరూ వదిలేసేది, నన్ను ముంచింది కూడా అదే. వెన్నుకు మూడంగుళాల పక్కన, బారు ఆనే దారిలో, ముందు నుంచి వెనక్కి పొడవునా వేయాలి. స్కేలు కదలకుండా తీసి వెంటనే కాగితం మీద గీసి, ముందు ఏది, ఎడమ ఏది అని రాయండి. ఒక్కోటి మూడేసి సార్లు చేయండి. నాకు మొదటిసారి మూడూ మూడు రకాలుగా వచ్చాయి, మల్లి ఈగలను తోలుకుంటూ కదులుతోంది మరి. ఎడమ భుజం కుడిదానికంటే కాస్త పెద్దదని కూడా అప్పుడే తెలిసింది. అలాంటప్పుడు ట్రీ పెద్ద భుజానికే చేయించాలి, చిన్న వైపు లోటు ప్యాడ్‌లో చిన్న ముక్క పెట్టి సర్దుకోవచ్చు. ఫోటోలు వీపు ఎత్తులో పక్క నుంచి తీయండి.

మన వివరాలు పెద్ద పనేం కాదు: ఎత్తు, బరువు, ఇప్పుడు కూర్చునే సీటు సైజు, అది ఇరుకా వదులా. తాడు వేసి పశువులను పట్టేవాళ్లకు గట్టి కొమ్ము కావాలి. నాకు షికారే కాబట్టి సన్నది చాలన్నాను. వేసే ప్యాడ్ మందం మాత్రం తప్పక చెప్పండి, నేను ముప్పావు అంగుళం ఉన్ని ప్యాడ్ అని రాసిచ్చాను. చెక్క మీద పచ్చితోలు బిగించిన ట్రీ ఎంచుకున్నాను. పచ్చితోలు నెమ్మదిగా ఆరాలి, అందుకే వారాలు, నెలలు పడుతుంది. "కారు కొన్నప్పుడు కూడా ఇంత టెన్షన్ పడలేదు నువ్వు" అన్నారు మా ఆయన.

పైతోలు కుట్టకముందు ఒట్టి ట్రీని గుర్రం మీద పెట్టి చూస్తానని ముందే ఒప్పందం రాయించుకోండి. పచ్చితోలు బిగిశాక బార్లను చెక్కి సరిచేయడం కుదరదు, మార్చాలంటే కొత్తది చేయాల్సిందే. ట్రీ వచ్చాక మొదట బల్ల మీద పెట్టి రెండు పక్కలూ ఒకేలా ఉన్నాయో లేదో చూశాను. తర్వాత ప్యాడ్ లేకుండా మూపు మీద పెట్టి, తనంతట అది కుదురుకునే దాకా వెనక్కి జరిపాను. ఫోర్క్ నొక్కితే క్యాంటిల్ లేవకూడదు, క్యాంటిల్ నొక్కితే ఫోర్క్ లేవకూడదు. బార్ల ముందు కొసలు భుజానికి గుచ్చుకోకుండా బయటికి విచ్చుకుని ఉండాలి. బార్ల అడుగున ముగ్గుపిండి రాసి మళ్లీ పెట్టాను, ఎక్కడ ఆనిందో మల్లి వీపు మీద అచ్చు పడింది. మధ్యలో అచ్చు కాస్త పలచగా ఉంది. నడిచేటప్పుడు వీపు పైకి లేస్తుంది కాబట్టి అంత పర్వాలేదన్నారు జీను కుట్టే ఆయన. పాత జీనుకైతే మధ్యలో నా పిడికిలి పట్టేది.

ఆ ఐదు గీతల కాగితాలను దాణా గదిలో ఫైల్‌లో పెట్టాను. ఏటా వసంతంలో, శరదృతువులో కొత్త గీతలు గీసి పాతవాటి మీద పెట్టి చూస్తాను. ఈ ఏప్రిల్‌లో భుజం వెనక గీత వేలెడు మందం బయటికి వచ్చింది. గడ్డి తగ్గించాను, ప్యాడ్ కూడా అర అంగుళానికి మార్చాను.