ఫొటో యాప్‌కి, కాలక్షేపం గేమ్‌కి రివ్యూ రాసేముందు ఎలా పరీక్షించాలి?

ప్లే స్టోర్‌లో కెమెరా యాప్ పేజీలో మెరిసిపోయే బొమ్మలు మీ ఫోన్‌తో తీసినవి కావు. వాటిని, కింద ఉన్న ఫీచర్ల జాబితాను చూసి మార్కులు వేస్తే ఆ రివ్యూ ఎవరికీ పనికిరాదు. ఒకే వస్తువును, ఒకే వెలుతురులో, నిమిషం తేడా లేకుండా రెండుసార్లు తీయండి. ఒకటి ఫోన్‌తో వచ్చిన కెమెరాతో, రెండోది కొత్త యాప్‌తో. లెన్స్, సెన్సర్ (వెలుతురును పట్టి ఫొటోగా మార్చే చిప్) రెండింటికీ అవే, మారింది యాప్ ఒక్కటే.

1. ముందు సిద్ధం చేసుకోండి

లెన్స్‌ను మెత్తని నూలు గుడ్డతో తుడవండి. బెజవాడ ఎండలో ఫోన్ పట్టుకున్న చేతి చెమట, జిడ్డు లెన్స్‌కి అంటితే ఫొటో మసకబారుతుంది, నింద యాప్ మీద పడుతుంది. బ్యాటరీ సేవర్ ఆపేయండి. ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్, యాప్ వెర్షన్ కాగితం మీద రాసుకోండి. కొన్ని ఫోన్ కంపెనీలు బయటి యాప్‌లకు కెమెరా మీద పూర్తి పట్టు ఇవ్వవు. అందుకే ఒక ఫోన్‌లో కనిపించే షట్టర్ స్పీడ్ (సెన్సర్ మీద వెలుతురు ఎంతసేపు పడాలో చెప్పేది), రా ఫైల్ (యాప్ ఏ దిద్దుబాటూ చేయని ఫొటో) ఆప్షన్లు మరో ఫోన్‌లో మాయమవుతాయి. అది యాప్ లోపం కాదు.

2. పర్మిషన్లు చూడండి

కెమెరా కావాలి, వీడియోకి మైక్ కావాలి. ఫొటోలో ఊరి పేరు నమోదు కావాలంటేనే లొకేషన్. కాంటాక్ట్స్, కాల్ లాగ్ కూడా అడిగితే మార్కులు అక్కడే తగ్గించండి.

3. చేటెడు మిరపకాయలతో రంగుల పరీక్ష

గుంటూరు చుట్టుపక్కల వాళ్లకి ఇంతకన్నా మంచి పరీక్ష లేదు. చేటలో నున్నటి తేజ రకం కాయలు ఓ పక్క, ముడతల బాడిగ రకం ఓ పక్క, మధ్యలో నాలుగైదు తాలు (రంగు పాలిపోయిన) కాయలు పోయండి. ఉదయం తొమ్మిది ప్రాంతంలో, నేరుగా ఎండ పడని కిటికీ పక్కన పెట్టి, రెండడుగుల దూరం నుంచి తీయండి. ఆ తర్వాత ఫొటోను వేళ్లతో బాగా పెద్దది చేసి చూడండి.

బాడిగ ముడతలు విడివిడిగా కనిపించాలి. తేజ కాయ నునుపు మీద చిన్న తెల్లటి మెరుపు ఉండాలి. తాలు కాయ పాలిపోయే ఉండాలి. చాలా యాప్‌లు బోల్తా పడేది ఇక్కడే. రంగు ఆకట్టుకోవాలని ఎరుపును పెంచేస్తాయి. మామూలు ఫొటోలో ఒక్కో రంగుకి 0 నుంచి 255 దాకా విలువ ఉంటుంది. ఎరుపు గరిష్ఠమైన 255కి చేరాక ఇక పెరగడానికి చోటుండదు కాబట్టి ముడత, నీడ, తొడిమ మొదలు అన్నీ ఒకే ముద్దగా మారతాయి. పైగా మామూలు సెన్సర్‌లో వెలుతురును పట్టే ప్రతి నాలుగు గళ్లలో రెండు ఆకుపచ్చవి, ఎరుపుకి దక్కేది ఒక్కటే. కాబట్టి ఎర్రటి వస్తువుల్లో సన్నని వివరం మొదటి నుంచీ తక్కువే.

ఎక్స్‌పోజర్‌ను (ఫొటో వెలుతురును పెంచే, తగ్గించే మీట) మైనస్ 0.7 దగ్గర పెట్టి మళ్లీ తీయండి. ముడతలు తిరిగొస్తే యాప్‌ను సరిచేసుకోవచ్చు, ఆ మాట రివ్యూలో రాయండి. రాకపోతే, తాలు కాయ కూడా ఎర్రగానే కనిపిస్తుంటే, ఆ యాప్ సరుకు అమ్ముకునేవాళ్లకి పనికిరాదు. ఫొటో చూసి బేరం కుదుర్చుకున్నవాడు టిక్కీ (మిరప బస్తా) విప్పాక ఊరుకోడు కదా!

4. చీకటి, వెలుతురు కలిసిన చోట

విజయవాడ నుంచి కృష్ణా నది దాటి ఉండవల్లి గుహలకి వెళ్లండి. లోపలి స్తంభాల నీడలో నిలబడి బయటి పచ్చదనాన్ని తీయండి. ఫోన్ సొంత కెమెరా వెంటవెంటనే కొన్ని ఫ్రేములు తీసి కలుపుతుంది కాబట్టి స్తంభం, ఆకాశం రెండూ నిలుస్తాయి. బయటి యాప్‌లో ఏదో ఒకటి పోవచ్చు. రాత్రి ప్రకాశం బ్యారేజీ దీపాలు నీళ్లలో పడ్డప్పుడూ ఇదే తంతు. ఫోన్‌ను పిట్టగోడకు ఆనించి, మూడు సెకన్ల టైమర్ పెట్టి తీస్తే చేతి వణుకు లెక్కలోకి రాదు.

విజయవాడ బీసెంట్ రోడ్డు దుకాణాల వెలుగులో ఫొటో మీద చారలు వస్తే కంగారుపడొద్దు. మన కరెంటు 50 హెర్ట్జ్, నాసిరకం ఎల్‌ఈడీ సెకనుకు 100 సార్లు మినుకుతుంది. షట్టర్ స్పీడ్‌ను సెకనులో 1/100కో 1/50కో తగ్గిస్తే చారలు పోతాయి. ఆ వీలు లేని యాప్ అయితే ఆ సంగతి రాయండి.

5. ఎడిటింగ్ యాప్ అయితే

4000×3000 పిక్సెల్స్ ఫొటో ఇచ్చి, సేవ్ అయిన ఫైల్ వివరాలు గ్యాలరీలో చూడండి. కొన్ని ఉచిత యాప్‌లు చెప్పకుండా సైజు కోసేస్తాయి. ఫోన్ తెర మీద తేడా తెలియదు, ఫ్లెక్సీ కొట్టించినప్పుడు బయటపడుతుంది. ఉచిత ట్రయల్ తీసుకుంటే ఇంకొకటి గుర్తుంచుకోండి. యాప్ తీసేసినంత మాత్రాన సబ్‌స్క్రిప్షన్ ఆగదు, ప్లే స్టోర్‌లోని సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్లి రద్దు చేయాల్సిందే.

6. ఇక గేమ్ సంగతి

చార్జర్ తీసేసి, తెర వెలుతురు సగానికి పెట్టి, 30 నిమిషాలు ఆడండి. మొదట్లో, చివర్లో బ్యాటరీ శాతం రాసుకోండి. చార్జింగ్‌లో ఆడితే వేడి గేమ్‌దో చార్జర్‌దో తేలదు. తర్వాత ఏరోప్లేన్ మోడ్ పెట్టి తెరవండి. నెట్ లేకపోతే మొదలే కాని గేమ్ విజయవాడ–గుంటూరు రైల్లో సిగ్నల్ పోయినప్పుడు అక్కరకు రాదు. లెవెల్ మధ్యలో ఇంట్లో వాళ్లచేత కాల్ చేయించండి. మాట్లాడి వచ్చేసరికి ఆట ఆగిన చోటే ఉండాలి.

ప్రకటనలను రెండు రకాలుగా విడదీసి లెక్కపెట్టండి. అదనపు ప్రాణం కోసం మీరే నొక్కి చూసినవి ఒక లెక్క, అడ్డం పడినవి ఇంకో లెక్క. కోపం తెప్పించేవి రెండోవే, రివ్యూలో రాయాల్సిన సంఖ్యా అదే. మొదటి రోజే నక్షత్రాలు ఇవ్వకండి. ఇలాంటి గేముల్లో తొలి లెవెల్స్ కావాలనే తేలిగ్గా పెడతారు. బిగించడం, కొనమని తోయడం ఆ తర్వాత మొదలవుతాయి. కనీసం మూడు రోజులు, ఒక్క రూపాయి పెట్టకుండా ఆడి, ఎన్నో లెవెల్ దగ్గర ఇరుక్కున్నారో రాయండి. డబ్బు కట్టి డబ్బు గెలవమనే ఆటలను రివ్యూకి తీసుకోనే వద్దు. వాటిని 2025లో కేంద్ర చట్టం నిషేధించింది.

ఫొటోలు పెట్టే వీలున్న చోట రివ్యూ రాస్తే జత ఫొటోలను పక్కపక్కనే, ఎడిట్ చేయకుండా పెట్టండి. వాట్సాప్‌లో మామూలుగా పంపుకున్న ఫొటోలు వాడొద్దు, అది వాటిని కుదించేస్తుంది. యాప్‌కి పెద్ద అప్‌డేట్ వస్తే మిరపకాయల పరీక్ష మళ్లీ చేసి, పాత రివ్యూనే దిద్దండి. ప్లే స్టోర్‌లో ఆ వీలుంది.