షెడ్డులో పడుకున్న డబ్బా మళ్లీ లేచిన కథ

మాది అనంతపురం. చేనులో బోరు మోటారు ఎంతసేపు ఆడిందో లెక్క రాయడానికి షెడ్డులో రాస్‌బెర్రీ పై 4 అనే అరచేతి సైజు కంప్యూటర్ బోర్డు పెట్టాను. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా టెన్షనే. దాని సాఫ్ట్‌వేర్ ఉండేది ఎస్‌డీ కార్డులో; ఏడాదిలో అలాంటివి రెండు పాడయ్యాయి. "ఏమప్పా, మళ్లీ పడుకుందా నీ డబ్బా?" అని మామ ఎగతాళి.

ఈసారి కార్డుకు బదులు యూఎస్‌బీకి ఎస్‌ఎస్‌డీ (చిప్‌లతో చేసిన డిస్కు) తగిలించా. లేవలేదు. బోర్డు 2019లో కొన్నది; యూఎస్‌బీ నుంచి బూటయ్యే బూట్‌లోడర్ (ఆన్ చేయగానే బోర్డును లేపే చిన్న ప్రోగ్రాం) 2020లో గానీ రాలేదు. పాత ఫోన్‌లోంచి తీసిన కార్డు మీద, రాస్‌బెర్రీ పై వాళ్ల ఇమేజర్ అనే ప్రోగ్రాంతో కొత్త బూట్‌లోడర్ ఫైలు రాశా, యూఎస్‌బీ బూట్ అన్నది ఎంచుకుని. కార్డు పెట్టి కరెంటిస్తే పచ్చ లైటు గబగబా కొట్టుకుంది, టీవీ తెరంతా పచ్చబడింది. అంటే అప్‌డేట్ అయినట్టే. అప్పుడు కార్డు తీసేయాలి. నేను తీయలేదు, ఎన్నిసార్లు ఆన్ చేసినా అదే పచ్చ తెర!

బూట్ ఆర్డర్, అంటే ముందు దేన్నుంచి లేవాలో చెప్పే వరుస, ఇప్పుడు 0ఎక్స్ఎఫ్14. దీన్ని కుడి నుంచి ఎడమకు చదవాలి: 4 యూఎస్‌బీ, 1 ఎస్‌డీ కార్డు, ఎఫ్ అంటే మళ్లీ మొదటికి. ఎడమ నుంచి చదివి గంటసేపు తల గోక్కున్నా. మొన్న రాత్రి నాలుగుసార్లు కరెంటు పోయింది. పొద్దున చూస్తే లెక్క నడుస్తూనే ఉంది.